అంటుకోని ఇంటికి గడి లేదు

లేకపోతే సెలవు రోజున ఆయన చొక్కాకి పొగ వాసన ఎందుకొస్తుంది, అనుకుంటూ ఆవిడ మలుపు దగ్గర గోడకి ఒదిగి నిలబడింది, సెంటు వాసనొస్తే ఏడవాలని ఏ ఆడదానికీ ఎవరూ నేర్పక్కర్లేదు, పొగ వాసనొస్తే ఏం చెయ్యాలో మాత్రం ఏ అత్తగారూ చెప్పి చావలేదు, ఫైర్‌స్టేషన్‌లో పనిచేసేవాడికి పొగ వాసన రాక పన్నీరు వాసనొస్తుందా అని మొదట తనే సర్దిచెప్పుకుంది, కానీ సెలవు పెట్టిన ప్రతిసారీ అదే వాసన, అందులో కిరసనాయిలు కూడా కలిసి, ఇదిగో ఇప్పుడు చేతిలో డబ్బాతో ముందు నడుస్తున్నాడు, కట్టుకున్నవాణ్ణి దొంగలా వెంబడించే గతి పట్టింది, ఛీ, ఏం బతుకో.

అంతా ఆ రోజు భోజనాల దగ్గరే మొదలైంది, నోరు ఊరుకోదు కదా, తనది గణాంకాల ఆఫీసు, దేశం ఏడాదికి ఎంత ఉత్పత్తి చేసిందో తేల్చే చోటు, సబ్బుకి ధరుంది, చెప్పుకి ధరుంది, ఆర్పిన మంటని ఎవరూ కొనరు, అందుకని ఇన్నాళ్ళూ ఫైర్‌సర్వీసు ఉత్పత్తి ఎంతా అంటే వాళ్ళ జీతాలెంతో అంతే అని రాసి చేతులు దులుపుకునేవాళ్ళు, ఇప్పుడలా కుదరదు, చేసిన పని లెక్కపెట్టాలి, ఆస్పత్రికి ఆపరేషన్లు, బడికి పాఠాలు, ఫైర్‌స్టేషన్‌కి ఆర్పిన మంటలు, గ్రాఫులో ఒక్కో స్టేషన్‌కి ఒక్కో గీత, గీసింది తనే, అందులో ఆయన స్టేషన్ అట్టడుగున పాకుతోంది, మీ ఉత్పాదకత పడిపోయిందండోయ్, ఇలాగైతే స్టేషన్ మూసేస్తారు అని వడ్డిస్తూ నవ్వింది, ఆయన నవ్వలేదు, మంటలు తగ్గితే మంచిదే కదే అన్నాడు, మంచిదే, కానీ ఏ గడిలో రాయమంటారు అంది, కంచంలో ఆయన చెయ్యి ఆగిపోయింది, ఆ తర్వాతే ఆ గీత లేచింది, చెత్తకుప్పలు, ఎండుగడ్డి, వంటిళ్ళు, పక్క స్టేషన్లకి లేని మంటలు ఈయనగారి ఏరియాకే ఎందుకు, చూశావా అమ్మా, కొలిస్తే చాలు పని దానంతటదే పెరుగుతుంది అని డైరెక్టరుగారు మురిసిపోయారు, మంట ఉంటేనే కదా ఆర్పేది, మరి ఆ మంట ఎక్కణ్ణుంచి వస్తోంది, అగ్గిపెట్టె ఎవరి జేబులో ఉంది, ఉద్యోగం పోతుందన్న భయానికి మనిషి ఎంతకైనా తెగిస్తాడా, గ్యాస్ కట్టేశావా, కట్టేశావా అని ఇన్నేళ్ళుగా తన ప్రాణం తోడేస్తున్న మనిషి, అదంతా నాటకమేనా, ఎవరి కడుపులో ఏముందో ఎవడు చూడొచ్చాడు, రేపు ఎవరిల్లైనా అంటుకుంటే, లోపల పసిపిల్లలుంటే, పోలీసులకి చెప్పాల్సింది తనేనా, కూతురికేం చెప్పాలి, మీ నాన్న, అమ్మో, ఆ మాట సగంలోనే మింగేసింది.

ఆయన వృద్ధాశ్రమం గేటు తీసి వెనక పెరట్లోకి వెళ్ళాడు, వృద్ధాశ్రమమా, లేచి పరిగెత్తలేని వాళ్ళుండే చోటా, గేటు సందులోంచి చూస్తే ఆయన వంగి డబ్బాలోది ఇనప రేకు పళ్ళెంలో పోశాడు, అగ్గిపుల్ల గీశాడు, గుప్పుమంది, ఏమండీ అని అరుస్తూ గేటు తోసుకుని పరిగెత్తింది, అప్పుడు కనబడ్డారు, నీడన కుర్చీలేసుకుని కూర్చున్న పెద్దవాళ్ళు, ముందు నిలబడ్డ ఒక మామ్మగారి చేతిలో తడిపి పిండిన దుప్పటి, విసరొద్దు మామ్మగారూ, అంచు ఎత్తిపట్టి మెల్లగా కప్పండి అంటున్నాడాయన, నువ్వు పుట్టకముందు నుంచీ పొయ్యి ఊదుతున్నాను, నాకా చెప్తావు అని కసిరి మామ్మగారు కప్పింది, మంట చచ్చింది, అందరూ చప్పట్లు కొట్టారు.

నువ్విక్కడేంటే అన్నాడాయన, ఆవిడ నోటికి ఆఫీసు ప్రశ్నే వచ్చింది, మరి మీ ఏరియాలో మంటలు ఎందుకు పెరిగాయండీ, మంటలేం పెరిగాయే నీ మొహం, ఇదివరకు గిన్నె మాడిందని పిలిస్తే వెళ్ళి నాలుగు చీవాట్లు పెట్టి వచ్చేవాళ్ళం, కుప్ప మీద బిందెడు నీళ్ళు కుమ్మరించి వచ్చేవాళ్ళం, అవీ ఒక మంటలేనా అని రాసేవాళ్ళం కాదు, నువ్వు మూసేస్తారన్నాక మాడిన ప్రతి గిన్నెనీ రాయిస్తున్నా, ఇక్కడికొస్తున్నట్టు చెబితే సెలవు పూట కూడా ఊరి సేవేనా అని నువ్వు రాగం తీస్తావని చెప్పలేదు, ఇంతకీ ఇది లెక్కలోకొస్తుందా అని రేకు బోర్లిస్తూ ఆశగా అడిగాడు, రాదండీ అంది, అంటుకోని ఇంటికి గడి లేదు, అయితే కూర్చున్న కొమ్మే నరుక్కుంటున్నానన్నమాట, పోనీలే, మామ్మగారి వంటిల్లు భద్రం అన్నాడు.

సరే, నా వెనకాల ఎందుకొచ్చావు, ఏమనుకున్నావు, నిజం చెప్పు అన్నాడు, నిజం ఎలా చెబుతుంది, ఏ నోటితో చెబుతుంది, ఎవత్తైనా ఉందేమోనని, అనేసింది, ఆయన తెల్లబోయాడు, మామ్మగారి వైపు తిరిగి, చూశారా, మా ఆవిడకి నామీద ఎంత నమ్మకమో అని పడీపడీ నవ్వాడు, నెత్తిమీద వెంట్రుక మిగలని వయసులో ఆ అనుమానం ఆయనకి సన్మానంలా ఉన్నట్టుంది, ఆవిడా నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది, పొగండీ అంది, నిజంగా ఆ అనుమానమే పడి ఉంటే ఎంత బాగుండేది, దానికైనా మనిషి మొహం చూడాలి, పరధ్యానం చూడాలి, ఎవరితో నవ్వుతున్నాడో చూడాలి, తను చూసింది పైకి లేచిన గీతని, తన చేత్తో తనే గీసిన గీతని, గ్యాస్ కట్టేశావా అని రోజూ అడిగే మనిషిని కాదని దాన్ని నమ్మింది.