నాలో మిగిలిన నాలుగు మాత్రలు

నేను ఒక తెల్లని ప్లాస్టిక్ సీసాను. పేరు లేదు, నంబరు మాత్రం ఉంది. నా పొట్టలో ఇరవై ఎనిమిది మాత్రలు పోశారు. అవి కొత్త మందో, మందులా కనిపించే ఉత్త పిండో నాకెవరూ చెప్పలేదు. ఇచ్చే డాక్టరుకూ తెలియదు, మింగే మనిషికీ తెలియదు. మనుషులకు ఒకరి మీద ఒకరికి ఎంత నమ్మకమో చూడండి!

విశాఖలోని ఒక ఆసుపత్రిలో కస్తూరి అనే నర్సు నన్ను పైడమ్మ చేతిలో పెట్టింది. పైడమ్మది పలాస. జీడిపప్పు ఫ్యాక్టరీలో నిండు పప్పునూ బద్దనూ వేరుచేసే పని. రొమ్ము క్యాన్సర్ ఎముకల దాకా పాకింది. ఆడ హార్మోను అండతో పెరిగే రకమట. ఆ హార్మోనును అణచే మాత్ర ఆమె ముందునుంచీ వేసుకుంటోంది. దానికి కొత్త మాత్రను జోడిస్తే జబ్బు ఇంకొంత కాలం అదుపులో ఉంటుందా అన్నదే పరీక్ష. రోజుకొకటి మింగి, నాలుగు వారాలకు నన్ను వెనక్కి తేవాలి.

మొదటి వారం బాగానే గడిచింది. రెండో వారంలో వాంతులు పట్టుకున్నాయి. గంజినీళ్లు కూడా నిలవలేదు. నాలుగు రోజులు ఆమె నా మూత తీయనేలేదు. ఆ తరువాత మొండిగా మళ్లీ మొదలుపెట్టింది. బతికి తీరాలన్న ఆ పట్టుదల నాకు భలే నచ్చింది.

ఆసుపత్రికి బయలుదేరే రోజున చేసిన పని మాత్రం నచ్చలేదు. ఫ్యాక్టరీలో ఇచ్చిన పప్పుకు తిరిగిచ్చేది సరిపోకపోతే మర్నాటి నుంచి రావద్దంటారు. ఇక్కడా మాత్రల లెక్క తప్పితే అంతే అనుకుంది. పరీక్షలోంచి తీసేస్తే ఈ మందు దక్కదని ఆమె భయం. మిగిలిన నాలుగు మాత్రలనూ కొంగున ముడివేసి, నన్ను ఖాళీగా సంచిలో వేసుకుంది.

కస్తూరి నన్ను బోర్లించి చూసింది. "ఒక్కటీ మిగల్లేదే! వాంతులేమైనా అయ్యాయా అమ్మా?"

"నేదు తల్లీ. బాగానే పడింది."

"అయితే అలాగే రాస్తున్నాను. మీరంతా చెప్పింది చూసే కదా, రేపు ఇంకొకరికి ఎంత ఇవ్వాలో తేలుస్తారు."

పైడమ్మ కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగు తల్లీ. ముప్పై యేళ్లయింది, నిండు పప్పులో బద్ద కలిపిందాన్ని కాను. ఇప్పుడు కలపను." కొంగు ముడి విప్పింది. "నాలుగు రోజులు ఒకటే కక్కు. ఇవి మింగనేదు. నన్ను మాత్రం తీసీకండి."

"ఇందుకు ఎవరు తీసేస్తారమ్మా? మాకు కావలసింది ఈ మాటే," అంది కస్తూరి.

డాక్టరు వాంతులకు మందు రాశాడు. కాగితంలో నా నంబరు ఎదుట 'మిగిలినవి నాలుగు, కారణం వాంతులు' అని పడింది. ఆ నాలుగూ తిరిగి నాలోకి వచ్చాయి.

ఇప్పుడు నేను కాల్చడానికి పంపే సంచిలో ఉన్నాను. మోసింది మందో పిండో తెలియకుండానే పోతున్నందుకు కాస్త ఉక్రోషంగానే ఉంది. కానీ నా నంబరు ఎదుట ఉన్నది నిజం. అందుకు గర్వంగా ఉంది.

సంచి మూతి కట్టేముందు చూశాను. పైడమ్మ కొత్త సీసాను అందుకుని, చెవి దగ్గర గలగలమని ఊపింది.

"పద, సూద్దాం," అంది దానితో. "పడితే పడిందంటాను, కక్కితే కక్కినానంటాను. మానడం మాత్రం నేదు."