నొప్పి లేని మోకాలికి కట్టిన పట్టీ

నేను ఒక నీక్యాప్‌ని. మోకాలికి తొడిగి, కిందా పైనా రెండు వెల్క్రో పట్టీలతో బిగించుకునే నల్లటి తొడుగుని. చిప్ప ఆడడానికి మధ్యలో ఒక గుండ్రటి కన్నం, అటూ ఇటూ రెండు స్ప్రింగు పుల్లలు. ఇదీ నా రూపం. తమకొక మోకాలు ఉందని మనుషులకు గుర్తొచ్చేది అది మొరాయించినప్పుడే. అప్పుడు కుంటుకుంటూ వచ్చి నన్ను కొంటారు. నవ్వుతూ నన్ను కొన్నవాళ్లని నేనింతవరకూ చూడలేదు. నొప్పి ఉన్నచోట గట్టిగా పట్టుకుని ఉండడమే నా పుట్టుకకి అర్థం. అలాంటిది, నా జీవితంలో ముఖ్యమైన కాలమంతా నిక్షేపంలాంటి మోకాలిని పట్టుకుని గడిపాను. ఇప్పుడు కాకినాడలో ఒక తలుపు వెనక మేకుకి తీరిగ్గా వేలాడుతున్నాను కాబట్టి ఆ సంగతి చెబుతాను.

నన్ను మొదట కొన్నది మణిమాల. రైల్వే జట్టులో బాస్కెట్‌బాల్ ఆడేది. ఎడమ మోకాలు నొప్పి పెడుతుంటే, ఉన్నదున్నట్టుగా నన్ను ఎడమ కాలికే కట్టుకుని ఎంపిక పోటీలకి వెళ్లింది. పెద్దమనుషులు ముందు నన్ను చూశారు, తర్వాత ఆమెని చూశారు. ఆమె ఆట మాత్రం చూడలేదు. జట్టులో పేరు లేదు. ఆ సాయంత్రం ఆమె నన్ను విప్పి గోడకేసి కొట్టింది. నాకు కోపం రాలేదు. కొట్టాల్సినవాళ్లు అందుబాటులో లేరు మరి.

ఆమె చెల్లెలు తారక. అక్క చెయ్యి పట్టుకునే కోర్టులోకి వచ్చింది, అక్కని మించిపోయింది. బల్గేరియాలో సముద్రం ఒడ్డున ఉన్న ఒక ఊరి క్లబ్బు ఆమెని ఒక సీజనుకి పిలిచింది. పెట్టె సర్దుతుంటే మణిమాల నన్ను తెచ్చి బట్టల మధ్య దూర్చింది.

"నాకు నొప్పేం లేదు కదక్కా, ఇదెందుకు?"

"లేనప్పుడే ఉండాలే. వస్తే మాత్రం నొప్పున్న కాలికి కట్టకు. కట్టేవనుకో, ఊరందరికీ దండోరా వేసినట్టే. రెండోదానికి కట్టు. చూసేవాళ్లు అటే చూస్తారు."

ప్రేమతో చెప్పిన మాటే. దెబ్బ తిన్నవాళ్ల ప్రేమ అలాగే ఉంటుంది.

అక్కడి లీగ్‌లో ఒక నిబంధన. జట్టులో విదేశీయులు ఎంతమందైనా ఉండొచ్చు, మ్యాచ్‌కి మాత్రం ఇద్దరే. మా క్లబ్బులో ముగ్గురున్నారు. ఒకామె ఆరున్నర అడుగుల అమెరికన్. ఆమెని రింగు కింద నుంచి ఎవరూ కదల్చలేరు, జట్టులోంచి అసలే కదల్చలేరు. ఇక మిగిలిన ఒక్క చోటుకి ఇద్దరు: తారక, సెనెగల్ నుంచి వచ్చిన ఆవా. క్లబ్బువాళ్లు ఈ ఇద్దరినీ ఒకే ఫ్లాటులో పెట్టారు. ఒకే చోటు కోసం పోటీపడేవాళ్లకి ఒకే పొయ్యి ఇవ్వడం మనుషులకే తట్టే ఆలోచన.

అయినా వాళ్లు కొట్టుకోలేదు. ఆవా వేరుశనగ కూర వండితే తారక అందులో పండుమిరప పచ్చడి కలుపుకుని తినేది. వారం చివర కోచ్ తారక పేరు చదివేది. ఆవా సరేనని తలూపి, మ్యాచ్ రోజున ప్రేక్షకుల్లో కూర్చునేది.

చలికాలంలో తారక ఎడమ మోకాలు మొరాయించడం మొదలుపెట్టింది. ఎగిరి దిగినప్పుడల్లా లోపల ఏదో కలుక్కుమనేది. చెబితే ఆ వారమే ఆవా పేరు చదువుతారు. ఒకసారి పోయిన చోటు మళ్లీ రాదని అక్క బతుకు చూసి ఆమెకి బాగా తెలుసు. అందుకే నన్ను తీసి కుడి మోకాలికి కట్టింది.

ఆ మోసం ఎంత చక్కగా పారిందో చెబితే మీరు నవ్వుతారు. జట్టు ఫిజియో వచ్చి, నన్ను తప్పించి, కుడి మోకాలిని అటూ ఇటూ వంచి "భేష్" అన్నాడు. బాగుండక ఏంచేస్తుంది? ఇక ఎదుటి జట్లు. ఎడమ పక్కకి దూసుకెళ్లాలంటే కుడి కాలితో నేలని తన్నాలి. నన్ను చూసి, ఈ పిల్ల కుడి కాలు పనికిరాదు, ఎడమ పక్కకి వెళ్లలేదు అనుకుని వాళ్లు కుడి పక్కే కాపు కాసేవారు. ఎడమ పక్క దారి బార్లా తెరుచుకునేది. తారక కుడికాలి మీద ఎగిరి, ఎడమ చేత్తో బంతిని రింగులో వేసి వచ్చేది. ఊరి పత్రిక ఆమెని ఎడమచేతి మాయలాడి అని రాసింది. పక్కనే ఎడమ మోకాలు రోజురోజుకీ వాస్తుంటే, నేను ఏ పనీ లేని చోట గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. జీతం తీసుకుంటూ పని చెయ్యనివాళ్లకి సిగ్గేస్తుందో లేదో నాకు తెలీదు గానీ, నాకు మాత్రం వేసింది.

ఆ జట్టుకి ఒక ఆనవాయితీ ఉంది. మ్యాచ్‌కి ముందు డ్రెస్సింగ్ రూములో అందరూ గుండ్రంగా నిలబడి బంతిని చేతులు మారుస్తారు. బంతి అందుకున్న ప్రతి మనిషీ "సిద్ధం" అని పైకి అనాలి, అప్పుడే పక్కవాళ్లకి ఇవ్వాలి. ఆ తర్వాతే కోచ్ ఆడేవాళ్ల పేర్ల చీటీని స్కోరు రాసేవాళ్ల బల్ల దగ్గరికి పంపుతుంది. ఆవా కూడా అనేది. ఆడబోనని తెలిసీ ప్రతిసారీ "సిద్ధం" అనేది, నిజంగానే సిద్ధంగా ఉండేది. తారక కూడా అనేది. ఆ మాట అన్నప్పుడల్లా కుడి మోకాలు సన్నగా వణికేది. అది తెలిసింది నాకొక్కదానికే.

సెమీఫైనల్లో గుట్టు సగం బయటపడింది. ఎదుటి జట్టులో జడ చుట్టుకున్న ఒక పొట్టిపిల్ల, తారక ఎప్పుడూ కుడికాలి మీదే దిగడం కనిపెట్టింది. చటుక్కున ఎడమ దారికి అడ్డం నిలబడింది. గత్యంతరం లేక తారక ఎడమకాలి మీద ఎగిరింది. దిగేటప్పుడు ఆ మోకాలు లోపలికి మడత పడి, మనిషి కుప్పకూలింది. ఫిజియో పరుగెత్తుకొచ్చి దేన్ని పట్టుకున్నాడనుకున్నారు? నన్నే! "ఏం కాలేదు" అంటూ ఆమె పళ్లు బిగించి లేచింది. అమెరికన్ పుణ్యమా అని మా జట్టు గెలిచింది.

మర్నాడు సాయంత్రం తారక వంటింట్లో ఎడమ మోకాలి మీద ఐసు పెట్టుకుని కూర్చుంది. నేను కుర్చీ వీపున వేలాడుతున్నాను. ఆవా లోపలికొచ్చి మోకాలిని చూసింది, నన్ను చూసింది. వంటింటి తలుపు దగ్గరికి వేసింది. నాకు కుట్లు ఊడిపోతాయేమో అన్నంత భయం వేసింది. ఒక్క మాట కోచ్ చెవిన వేస్తే ఫైనల్ ఆవాదే.

"నేను చెప్పను," అంది చివరికి, ఇద్దరికీ వచ్చిన అంతంతమాత్రం ఇంగ్లీషులో. "చెబితే నీ కాలు విరిగినందుకు నాకు చోటు దొరికినట్టవుతుంది. అలాంటి చోటు నాకొద్దు."

"థాంక్స్."

"థాంక్స్ అనకు. నువ్వు ఆట మధ్యలో పడిపోతే నన్ను ఆటలోకి దింపడానికి ఉండదు. నా పేరు చీటీలో ఉండదుగా. నాకేమవుతుందో ఎప్పుడైనా ఆలోచించావా?"

ఐసు కరిగి నీళ్లు నేల మీదికి కారుతున్నా తారక తుడవలేదు.

ఫైనల్ రోజు. డ్రెస్సింగ్ రూము బయట డప్పులు, అరుపులు. లోపల గుండ్రంగా జట్టు. నేను మామూలుగా కుడి మోకాలి మీద. బంతి ఆవా చేతికొచ్చింది. "సిద్ధం." ఎప్పుడూ అన్నంత మామూలుగానే అంది. బంతి తారకకిచ్చింది.

తారక "సిద్ధం" అనలేదు, బంతిని పక్కవాళ్లకి ఇవ్వలేదు. అందరూ ఆమె వంకే చూస్తున్నారు. కోచ్ కనుబొమలు ముడిపడ్డాయి. తారక బంతిని చంకలో ఇరికించుకుని వంగింది. పై పట్టీ పీకింది. చర్రుమంది. కింది పట్టీ పీకింది. మళ్లీ చర్రు. నాకు నోరు లేదు, ఉన్న గొంతల్లా అదే. ఆ గదిలో అంత గట్టిగా నేనెప్పుడూ మాట్లాడలేదు. బూట్లు విప్పి, నన్ను లాగి, అందరూ చూస్తుండగా ఎడమ మోకాలికి తొడిగి బిగించింది.

"నేను సిద్ధంగా లేను," అంది. "ఆవా ఉంది."

కోచ్ ఎర్రబడి, ఎన్నాళ్లనుంచి అని అరిచింది. చలికాలం నుంచి అని చెప్పింది తారక. కోచ్ చీటీలో ఒక పేరు కొట్టేసి ఇంకో పేరు రాసింది.

తారకా నేనూ ప్రేక్షకుల్లో కూర్చున్నాం. ఆట చివరిదాకా నువ్వా నేనా అన్నట్టు సాగింది. తారక నా అంచుని గుప్పిట్లో నలిపేసింది. ఆఖర్న ఆవా బంతి లాక్కుని పరుగెత్తి రింగులో వేసి కప్పు గెలిపించింది. తారక లేచి చప్పట్లు కొట్టింది, మళ్లీ కూర్చుని భోరున ఏడ్చింది. సంతోషమా, ఈర్ష్యా అంటే, రెండూనని నా నమ్మకం. వెళ్లేటప్పుడు కోచ్ ఆగి, "ఆపరేషన్ చేయించుకో. వచ్చే సీజనుకి మాత్రం మాటివ్వలేను," అని వెళ్లిపోయింది.

హాలు ఖాళీ అవుతుంటే ఫోన్ మోగింది. కాకినాడలో మణిమాల ఆటంతా ఫోన్లో చూసింది. కెమెరా ఒకసారి ప్రేక్షకుల మీదికి తిరిగిందట.

"అది ఏ కాలికి కట్టేవే?"

"ఎడమ కాలికక్కా."

తిడుతుందనుకున్నాను. తారక కూడా అదే అనుకుని కళ్లు మూసుకుంది.

"పై పట్టీ ఇంకొంచెం లాగి బిగించు," అంది మణిమాల. "నాకూ అక్కడే జారేది."

తారక బిగించింది. నేను పట్టుకున్నాను.