కారుకి మేజోళ్ళు

జనాజానా, ఎవరి జనాజా, పిల్లనడగడానికి పోతున్నవాణ్ణి పట్టుకుని శవయాత్ర అంటాడేమిటి ఈ పోలీసు, అనుకున్నాడు హసీబ్, దించిన కారద్దంలోంచి కనుమ గాలి దూరి చెవిలో ఈల వేస్తుంటే, లేదు నాయనా, మావాళ్ళంతా బతికే ఉన్నారు, శుభకార్యానికే వెళ్తున్నాం అని పైకి కూడా అనేశాడు, పక్క సీట్లోంచి భార్య నజ్లా అడ్డంగా వంగి, జనాజా కాదు మహానుభావా, జనాజీర్, చక్రాలకి గొలుసులున్నాయా అని అడుగుతున్నాడు అంది, వెనక సీట్లో మిఠాయి పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కొత్త సూటులో కూర్చున్న తమ్ముడి కొడుకు షాదీ నవ్వు ఆపుకోలేక దగ్గాడు, పోలీసూ నవ్వాడు, గొలుసులు గానీ బట్ట మేజోళ్ళు గానీ ఏదో ఒకటి తొడగందే పైకి వదలను పెద్దాయనా, ఈ మంచులో ఉత్త చక్రాలతో వదిలితే తర్వాత లోయలోంచి తాడేసి లాగాల్సింది నేనే, అటు పక్కకి ఆపుకో, అన్నాడు, హసీబ్ పక్కకి ఆపాడు, సోఫర్ ఊరు దాటి మూడు మలుపులు కూడా కాలేదు, అప్పుడే పన్నెండున్నర, రెండింటికి కొండకవతల పిల్ల తండ్రి మున్జిర్ ఇంటి హాల్లో ఉండాలి, ఫోను మోగింది, మున్జిరే, ఎక్కడున్నారు అబ్బాయి పెదనాన్నగారూ అని, చతూరా దాటేశాం, గుమ్మంలో ఉన్నట్టే అనుకోండి, అని నోరు దానంతటదే చెప్పేసింది, ఈ దేశంలో ఫోనెత్తిన ప్రతివాడూ కొండకవతలి చతూరాలోనే ఉంటాడు, అంతమందీ నిజంగా ఉంటే ఆ ఊళ్ళో ఒంటికాలి మీద నిలబడ్డానికీ చోటుండదు.

దిగాడు, డిక్కీ ఎత్తాడు, ఎడమ చేత్తో, కుడి చెయ్యి కోటు జేబులో ఉంది, నాలుగు నెలలుగా దాని కాపురం జేబులోనే, డిక్కీలో ఓ పక్క ఇరవై రెండేళ్ళ గొలుసుల సంచి, ఓ పక్క మంగళవారం నజ్లా కొని తెచ్చిన పల్చటి పొట్లం, చొక్కా పెట్టిచ్చినట్టుంది, లోపల తెల్లబట్ట తొడుగులు రెండు, రెండూ కలిపినా పసిపిల్ల బరువు లేవు, ఇదేమిటే, కారుకి చలేస్తోందా, శాలువా కూడా కప్పుదామా అని ఆ రోజు గొంతెత్తి నవ్వాడు, మేజోళ్ళంటే మేలైన జోళ్ళు, చూద్దురుగాని, అందామె, నవ్వలేదు, ఎందుకు నవ్వుతుంది, పోయిన ఆదివారం ఏం జరిగిందో తెలిసింది ఆమె ఒక్కదానికే, ఇదే మలుపు, ఇదే మంచు, పెద్దలంతా గంట ముందే కొండ దాటేశారు, షాదీ కూడా వాళ్ళతోనే, వెనక వీళ్ళిద్దరే, ముప్పై ఏళ్ళు పిండి లారీ తోలినవాడు, కనుమ మీద గొలుసుల హసీబ్ అంటే పోలీసులు కూడా దారిచ్చేవాళ్ళు, పావుగంటలో నాలుగు చక్రాలు, పక్కవాడి కారుకి కూడా బిగించి సలాం పుచ్చుకునేవాడు, ఆ హసీబ్ వెల్లకిలా పడుకుని చక్రం వెనక్కి చెయ్యి పోనిస్తే పోలేదు, చెవి దాకా కూడా లేవని చెయ్యి చక్రం వెనక కొక్కెం దాకా ఎలా పోతుంది, భుజం బిగిసింది, గొలుసు బిగియలేదు, జారి గుండెల మీద పడింది, నజ్లా కాలు పట్టుకుని బయటికి లాగింది, మంచులో కూర్చుని మున్జిర్‌కి ఫోను చేశాడు, కనుమ మూసేశారండీ, అన్నాడు, పక్కనుంచి కార్లు హారన్లు కొట్టుకుంటూ ఎక్కుతుంటే ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టుకుని అన్నాడు.

అక్కడ మున్జిర్ ఇంట్లో అప్పటికే పధ్నాలుగు కప్పుల్లో కాఫీ పోసి ఉంది, వాళ్ళ ఆచారంలో అడగడానికొచ్చినవాళ్ళు కప్పు ముట్టుకోరు, అబ్బాయి వైపు ఇంటి పెద్ద లేచి అడగాలి, అమ్మాయి వైపు ఇంటి పెద్ద లేచి ఇచ్చాం అనాలి, అప్పుడే కప్పు పెదవికి తగలాలి, పెద్ద రాకపోతే అడిగేవాడు లేడు, కాఫీ పెరటి మొక్కలకి పోయించారట, రెండోసారి పారబోయించకండి, మా పిల్ల కూడా మనిషే, అన్నాడు మున్జిర్, మర్యాదగానే అన్నాడు, మర్యాదగా అన్న మాటే లోపలికి దిగుతుంది, పేరులోనే షాదీ ఉన్నవాడికి ముప్పైనాలుగొచ్చినా షాదీ లేదు, తమ్ముడు పోయినప్పుడు తొమ్మిదేళ్ళవాడు, చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాడు, ఆ చెయ్యే ఇప్పుడు లేవదు, ఇవాళ కూడా తప్పితే మున్జిర్ కూతురు లయాల్ ఇంక వీడికి దక్కదు, వీడు లయాల్ కోసం లయ తప్పి తిరుగుతున్నాడు ఏడాదిగా, అది తెలిసీ పెదనాన్న అబద్ధమాడి వెనక్కి తిరిగాడు, హసీబ్ అంటే లెక్క చూసేవాడని అర్థం, ఈ లెక్క ఎవడు చూస్తాడు, అటు చూస్తే రోడ్డు పక్కన బారుగా మగాళ్ళు మంచులో దొర్లుతూ గొలుసులతో కుస్తీ పడుతున్నారు, వీళ్ళందరి ముందు కారుకి తెల్ల మేజోళ్ళు తొడిగితే గొలుసుల హసీబ్ మేజోళ్ళ హసీబ్ అయిపోడూ, ఈ సాయంత్రానికల్లా పేరు కొండ దిగిపోదూ, అయినా చెయ్యి సంచి మీదికే పోయింది, అలవాటు అంత చెడ్డది, ఎడమ చేత్తో ఎత్తబోయాడు, సంచి గరగరమంది, కదల్లేదు, వెనకనుంచి షాదీ వచ్చాడు, కొత్త బూట్లు మంచులో కూరుకుంటుంటే, ఇలా ఇవ్వండి పెదనాన్నా, నేను బిగిస్తాను, మీరు చెప్తూ ఉండండి.

వద్దు, అన్నాడు హసీబ్, ఆ తర్వాత ఏమనబోతున్నాడో అతనికే తెలీదు, వద్దురా, ఇనుము వద్దు, ఆ పొట్లం విప్పు, నా భుజం లేవట్లేదు, నాలుగు నెలలైంది, నువ్వు తొడిగి పెట్టు, అనేశాడు, అని ఆగాడు, కొండ విరిగిపడుతుందేమోనని, పడలేదు, షాదీ పొట్లం చింపుతూ, తెలుసు పెదనాన్నా, అన్నాడు, మీ చొక్కా గుండీలు పెద్దమ్మ పెడుతోందిగా, మీరు చెప్పందే ఎలా అడగనూ అని ఊరుకున్నాం, ఊరుకున్నాం అంటే ఎంతమందిరా, అందరం, అన్నాడు వాడు, నాలుగు నెలలు జేబులో దాచిన చెయ్యి ఇంటిల్లిపాదికీ తెలిసిన రహస్యం, కోపం రావాలి, రాలేదు, మెడ దగ్గర ఏదో పట్టు వదిలినట్టయింది, షాదీ మోకాలి కింద కారు చాప వేసుకుని ముందు చక్రానికి పైనుంచి బట్ట లాగాడు, పసివాడి తలకి టోపీ తొడిగినట్టు, పైసగం పట్టింది, నజ్లా స్టీరింగు దగ్గర కూర్చుని కారుని మూరెడు ముందుకి జరిపింది, కిందున్న సగం పైకొచ్చింది, అదీ తొడిగాడు, అటువైపూ అంతే, అయిదు నిమిషాలు కాలేదు, అంతేనా, అన్నాడు హసీబ్, అంతే, నలభై దాటకుండా తోలండి, నల్ల తారు కనిపించగానే విప్పేయాలి, లేకపోతే అరిగిపోతాయి, అంది నజ్లా, మంగళవారం నుంచి ఈ మాట కోసమే కాచుకున్నట్టు.

అప్పుడు వినిపించింది, ముందున్న కారు కిందనుంచి, రెండు కాళ్ళు బయటికుండి మనిషి లోపలున్న చోటునుంచి, చతూరా దాటేశాను మున్జిర్, కాఫీ పెట్టించు, అని, మున్జిర్ అనే అన్నాడా, మున్జిర్ అనే అన్నాడు, షాదీ వంగి చూసి తెల్లబోయాడు, పెదనాన్నా, లయాల్ వాళ్ళ పెదనాన్న ఫాయెజ్, ఇవ్వాల్సింది ఈయనే, అన్నాడు గొంతు తగ్గించి, అడగాల్సినవాడు ఇక్కడ, ఇవ్వాల్సినవాడు ఇక్కడ, అక్కడ కాఫీ ఎవరి కోసం, హసీబ్‌కి నవ్వు కడుపులోంచి పొర్లుకొచ్చింది, వంగి, చతూరాలో మంచు జోరుగా ఉన్నట్టుందండీ, అన్నాడు ఆ కాళ్ళతో, కాళ్ళు కదలడం మానేశాయి, కాసేపటికి మెల్లిగా ఓ తెల్లమీసం బయటికొచ్చింది, ఎవరు మీరు, అబ్బాయి పెదనాన్నని, అన్నాడు హసీబ్, మీరు కూడా చతూరా దాటేశారని ఇప్పుడే మున్జిర్ చెప్పాడే, అంది మీసం, గంటనుంచి ఈ గొలుసుతో గోల, మోకాళ్ళు మడతపడవు, మడతపడితే లేవవు, అన్నాడు ఫాయెజ్, రండి మా కారులో, అడగాల్సింది నేనేగా, ఇదొకటి ముందుగా అడుగుతున్నాను, కాదనకండి, అన్నాడు హసీబ్, అనేశాక గమనించాడు, ఈ గంటలో ఇది రెండో అడగడం.

ఎక్కుతోంది కారు, చప్పుడు లేదు, అదే వింత, గొలుసులతో ఎక్కితే లోయంతా ఇనప పళ్ళు నూరినట్టు మోగేది, ఇప్పుడు బట్ట మంచుని పట్టుకుని వదులుతోంది, పట్టుకుని వదులుతోంది, మలుపులో కూడా జారలేదు, స్టీరింగు నజ్లా చేతుల్లోనే ఉంది, తీసుకుంటారా అని ఆమె అడగలేదు, ఇవ్వమని అతను అనలేదు, వెనక షాదీ పక్కన ఫాయెజ్ మిఠాయి పళ్ళెం పట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు, ఒకటి చెప్పనా, అన్నాడాయన కిటికీ వైపు చూస్తూ, పోయినవారం మీ శ్రమంతా వృథా అయింది నా వల్లే, కనుమ మూశారని మా తమ్ముడికి ఫోను చేసింది నేనే, మూయలేదు, మోకాళ్ళు మొరాయించాయి, మీరా చేసింది, నేను కదా చేసింది, అన్నాడు హసీబ్, అదీ సంగతి, అందుకే మున్జిర్ మారుమాట్లాడకుండా నమ్మాడు, అటునుంచి ఒకటి ఇటునుంచి ఒకటి, రెండు అబద్ధాలు ఒకదానికొకటి సాక్షి సంతకం పెట్టుకున్నాయి, షాదీ నోరెళ్ళబెట్టి ఈ పెదనాన్న వంకా ఆ పెదనాన్న వంకా చూశాడు, అంటే దారి తెరిచే ఉందా, అన్నాడు, ఉందిరా నాయనా, మూసుకుంది మేమిద్దరమే, అన్నాడు హసీబ్, నజ్లా నవ్వు మొదలుపెట్టింది, కారు కూడా కాస్త ఊగింది, నడపండమ్మా, ముందు నడపండి, అన్నాడు ఫాయెజ్ పళ్ళెం గట్టిగా పట్టుకుని.

కనుమ దిగాక నల్లతారు కనిపించిన చోట ఆపి మేజోళ్ళు విప్పి, నీళ్ళు పిండి, సంచిలో వేశారు, రెండింటికి పది నిమిషాలుండగా హాల్లో ఉన్నారు, కప్పుల్లో కాఫీ పోశారు, పధ్నాలుగు జతల కళ్ళు హసీబ్ వైపు తిరిగాయి, లేచాడు, వారం రోజులు బట్టీపట్టిన ప్రసంగం, వంశాలు, వేర్లు, కొమ్మలు, ఒక్క ఆకు కూడా గుర్తు రాలేదు, కుడి చెయ్యి జేబులోంచి తీశాడు, ఇదిగోండి, ఇది లేవదు, పోయినవారం కనుమ మూయలేదు, గొలుసు బిగించలేక నేనే అబద్ధమాడాను, ఇవాళ మావాడు కారుకి మేజోళ్ళు తొడిగితే వచ్చాను, అన్నాడు, మున్జిర్ కనుబొమలు పైకి లేచాయి, ఎదుటివరసలో ఫాయెజ్ మోకాళ్ళ మీద చేతులాన్చి కష్టపడి లేచి, నేనూ అంతే, నేనూ ఇదే కారులో వచ్చాను, చతూరా అంతా అబద్ధం, అన్నాడు, ఎవరో ముసలాయన ముందు కిసుక్కుమన్నాడు, తర్వాత హాలంతా, లోపలి గదిలోంచి ఆడవాళ్ళ నవ్వూ, అందులో ఒకటి లయాల్‌దే అయి ఉంటుంది, షాదీ చెవులు ఎర్రబడ్డాయి కాబట్టి, సరే మరి, మా పిల్లాడికి మీ పిల్లనిమ్మని అడుగుతున్నాను, అన్నాడు హసీబ్, ఇంత చిన్న వాక్యం, ఇచ్చాం, అన్నాడు ఫాయెజ్, కాఫీ ఇంకా వేడిగానే ఉంది, ఎడమ చేత్తో ఎత్తుకుని తాగుతూ కూర్చున్నాడు హసీబ్, భుజం నొప్పి అలాగే ఉంది, కానీ ఇన్నేళ్ళుగా వీపు మీద ఎక్కి కూర్చున్నదేదో దిగిపోయింది, అడగడమంటే తక్కువవాళ్ళు చేసే పనని పుట్టినప్పటినుంచీ అనుకున్నాడు, అది అంత తక్కువ పనే అయితే, తరతరాలుగా ఆ పని మీద ప్రతి ఇంట్లోంచీ పంపింది ఆ ఇంటి పెద్దనే కదా, అని తోచింది అతనికి.