ఎవరూ కూర్చోలేదు

రాయపూర్ స్టేషన్ అవతల, రైలు బోగీలు కడిగే లైన్‌లో గంగాభవాని మరుగుదొడ్డి తలుపు పట్టుకుని నిలబడిపోయింది. కాన్పై ఐదు నెలలైంది. గొంతుక్కూర్చుంటే చాలు, పొత్తికడుపు అడుగున లేచిన నొప్పి తుంటి దాకా కోసుకుపోతోంది.

"పిల్లని కన్నది నువ్వొక్కదానివేనేటి? కూకుని తోమనేకపోతే రేపట్నించి రాకు," అన్నాడు సూపర్‌వైజర్ పున్నయ్య. కంట్రాక్టరు మనిషి. తమ శ్రీకాకుళం వాడే కదాని అందరూ నమ్మిన మనిషి.

పక్కన తోముతున్న వాళ్లలో ఒక్క ఆడదీ తలెత్తలేదు.

నొప్పి సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. మరి వాడికి చేరవేసిందెవరు? ఆమె చూపు వరహాలమ్మ మీద పడింది. ఆవిడకెప్పుడూ నిలబడి అద్దాలు తుడిచే పనే. చాడీలు మోయకుండానే అంత సుఖమైన పని దక్కుతుందా?

అన్నాల వేళ నిలదీసింది. "సెప్పింది నువ్వే కదా పిన్నీ?"

"నీ నడక సూస్తే గుడ్డోడికైనా తెలుస్తాది, మొద్దుముఖమా!" అంటూ వరహాలమ్మ చీర తప్పించి చూపింది. బాలింతలు కట్టుకునే నడికట్టు. ఆవిడ చిన్నకొడుకు పదో తరగతి. "ఆడు పుట్టినప్పట్నించీ ఇది ఇప్పనేదే. పున్నయ్య కాళ్లు పట్టుకుంటే అద్దాల పనిచ్చాడు. ఎవులికైనా సెప్తే పని పీకేస్తానన్నాడు. నువ్వెక్కడ లాక్కుంటావోనని నాను నీకు బయపడి సస్తన్నాను!"

"మోలా ఘలో, దీదీ," అంది పక్కనున్న ఛత్తీస్‌గఢీ మనిషి ఫుల్‌బాయి. నాకూ ఉందక్కా అని. ఆమెకూ నిలబడి ఊడ్చే చీపురిచ్చి నోరు మూయించింది పున్నయ్యే. ఆ తర్వాత ఒక్కొక్కరే నోరు విప్పారు. రేపెవరూ పనిలోకి దిగొద్దనుకున్నారు.

అయినా గంగాభవానికి అనుమానం తీరలేదు. రేపు వీళ్లలో ఎవరు జారుకుంటారో!

మర్నాడు పొద్దున్న ఎవరూ బోగీ ఎక్కలేదు. నిలబడి తోమేందుకు అందరికీ పొడుగు కర్ర బ్రష్షులివ్వాలి, డాక్టరుకు చూపించాలి, గంగాభవానిని తీసెయ్యకూడదు అన్నారు. పున్నయ్య వరహాలమ్మ చెవిలో ఏదో గొణిగాడు. గంగాభవాని అనుకుంది, అయిపోయింది, అమ్ముడుపోయింది!

వరహాలమ్మ గొంతెత్తింది. "ఇనండర్రా! నాకొక్కదానికే అద్దాల పని ఉంచుతాడంట!"

ఆడవాళ్లు గొల్లున నవ్వారు. పున్నయ్య ముఖం మాడిపోయింది. అంతవరకూ పక్కన నిలబడి చూస్తున్న కంట్రాక్టరు ఫోను తీశాడు.

కాసేపటికి పోలీసులొచ్చారు. "సబ్ బైఠో!" అని లాఠీతో నేల చూపించారు.

ఎవరూ కూర్చోలేదు.

"నాయకురాలెవరు?" అంటూ గంగాభవాని రెక్క పట్టుకున్నాడొకడు. ఫుల్‌బాయి ఆమె రెండో చెయ్యి పట్టుకుంది. ఫుల్‌బాయిని వరహాలమ్మ, ఆవిడను ఇంకొకరు.

"లాక్కెళ్తే అందర్నీ లాక్కెళ్లు బాబూ," అంది వరహాలమ్మ. "నీ బండిలో కూడా నిలబడే వస్తాం."