గళ్ల లుంగీ అంబులెన్సు

అరబ్బు దేశంలో సజ్జా అనే చోట ఉన్న పాత బళ్ల షెడ్డుకి బ్రిటన్ నుంచి అమ్మకానికొచ్చిన పాత అంబులెన్సుకి ఒళ్లంతా పసుపు, పచ్చ గళ్లే.

"దొరగారు లుంగీతో దిగార్రోయ్!" అని అందరినీ నవ్వించి, ముబారక్ ఎండలో రేకులు మొయ్యడానికి వెళ్లాడు.

మెకానిక్ అబ్బులు ఆ బండిలో కూర్చుని వైర్లు కలిపి, చచ్చిన నీలి లైట్లకి ప్రాణం పోశాడు. అంతలో వెనక తలుపు ఎవరో దబదబా బాదారు. తీస్తే, నలుగురి చేతుల్లో ముబారక్. వడదెబ్బకి కళ్లు తేలేశాడు.

"జల్దీ, డాక్టర్ సాబ్!" అన్న వాళ్లలోని సైఫ్, అబ్బులుని చూసి నోరు తెరిచాడు. "నువ్వా?"

"అంబులెన్సుకి ఫోన్ చెయ్యలేదేంట్రా?"

"లైట్లు చూసి, ఎవరో పిలిస్తే వచ్చేసిందనుకున్నాం భాయ్!"

అబ్బులు వెంటనే ఫోన్ చేశాడు. అసలు అంబులెన్సు వచ్చేసరికి ముబారక్ ప్రాణాలతో లేడు. ముదీర్ అని పిలిచే మేనేజరుకీ, పోలీసులకీ, చుట్టూ చేరినవాళ్లకీ అబ్బులు ఒకటే చెప్పాడు.

"లైట్లు ఏసింది నేనేనండి. బాగయ్యాయో లేదో చూద్దారని."