వెతకడం మానేసినవాళ్లు

వెర్నా హుట్కో మంచి మనిషని ఊళ్లో పేరు. ఉద్యోగం పోయి వచ్చినవాళ్లకు దరఖాస్తు నింపిపెట్టి ఊరుకునేది కాదు. "మీతోపాటు ఇంకెంతమందిని తీసేశారు? వాళ్లంతా ఏం చేస్తున్నారిప్పుడు?" అని అడిగేది. ఒహాయోలో ఏరీ సరస్సు ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊరి ఉపాధి కార్యాలయంలో పదహారేళ్లుగా ఒకే కిటికీ దగ్గర కూర్చుంటోంది. మొదటి పదిహేనేళ్లూ ఆ ప్రశ్నలు మనసులోంచే వచ్చేవి.

కిందటేడు ఆమె ఒక అంచనాల బజారులో చేరింది. అదొక వెబ్‌సైట్. ఈ నెల నిరుద్యోగ రేటు పెరుగుతుందా, తగ్గుతుందా అని జనం అక్కడ వాటాలు కొంటారు. చెప్పింది నిజమైతే వాటాకు ఒక డాలరు చేతికొస్తుంది, తప్పితే ఏమీ రాదు. తగ్గుతుందనే వాటా ముప్పై సెంట్లకు దొరుకుతోందంటే, ఆ మాట నమ్మేవాళ్లు తక్కువమందే ఉన్నారన్నమాట. నెలలో మొదటి శుక్రవారం పొద్దున ఎనిమిదిన్నరకు ప్రభుత్వం అంకె ప్రకటిస్తుంది. అప్పటికి తేలిపోతుంది.

వెర్నా డబ్బుకు ఆశపడి చేరలేదు. ఆమె పెట్టేది ఎప్పుడూ చిన్న మొత్తమే. కానీ టీవీలో టై కట్టుకుని మాట్లాడేవాళ్ల అంచనా తప్పిన నెలల్లో తనది తప్పలేదు. ఆ వెబ్‌సైట్‌లో ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు "ఈవిడ అంచనా చూడండి" అని రాసుకునేవారు. యాభై నాలుగేళ్ల జీవితంలో ఆమెను తెలివైనదని ఎవరూ అనలేదు. అది చదివిన రోజు ఆమెకు అన్నం సయించలేదు, అంత సంబరం.

ఈ ఏడు జనవరిలో ఊరి ఫౌండ్రీ, ఇనుము కరిగించి పోత పోసే కార్ఖానా, మూతపడింది. అందులో ఇరవై రెండేళ్లు పోత పోసిన ఎమెట్ స్ట్రౌడ్ మేలో ఒక కాగితం తెచ్చి కిటికీలోంచి అందించాడు. నలభై ఒక్క పేర్లు, పక్కన ఫోన్ నంబర్లు.

"మావాళ్లండీ. ఇక్కడికి రావడానికి సిగ్గుపడుతున్నారు. మా గురించి అడిగింది మీరొక్కరే, అందుకని మీకే ఇస్తున్నా. కాస్త ఫోన్ చేసి చెప్తారా, ఏం అవకాశాలున్నాయో?"

"తప్పకుండా చేస్తానండీ," అంది వెర్నా.

చేసింది కూడా. పంతొమ్మిది మందికి చేసింది. అందరినీ ఒకటే అడిగింది: "గడిచిన నాలుగు వారాల్లో ఎక్కడైనా పని కోసం ప్రయత్నించారా?" ఎందుకంటే ప్రభుత్వం లెక్కలో నిరుద్యోగి అంటే పని లేనివాడు కాదు, పని లేక వెతుక్కుంటున్నవాడు. వెతకడం మానేసినవాడు ఆ లెక్కలోంచి జారిపోతాడు. అలాంటివాళ్లు ఎక్కువైతే, కొత్తగా ఒక్కరికీ పని దొరక్కపోయినా రేటు తగ్గుతుంది.

క్రేన్ నడిపిన బెర్నడీన్ అనే ఆమె ఫోన్‌లో నవ్వింది. "వెతకడమా? మార్చిలోనే మానేశానమ్మా. ఏం, ఏమైనా ఉందా అక్కడ?"

కాలేజీలో ఉచితంగా వెల్డింగ్ నేర్పే తరగతి ఉంది. ఆ ప్రకటన వెర్నా బల్లమీదే ఉంది. ఇరవై సీట్లు, బుధవారం ఆఖరు. అది చెబితే బెర్నడీన్ మళ్లీ వెతకడం మొదలుపెడుతుందేమో. వెర్నా కావాలని దాచిందా అంటే, ఆ క్షణంలో ఆమె అంత దూరం ఆలోచించలేదు. తనకు కావలసిన జవాబు దొరికింది, అంతే.

"ఏం లేదండీ, ఊరికే కనుక్కుందామని," అని పెట్టేసింది.

పంతొమ్మిది మందిలో పద్నాలుగు మంది మానేశామన్నారు. మన ఊరే ఇలా ఉంటే ఫౌండ్రీలున్న ఊళ్లన్నీ ఇంతే అనుకుంది. అందరూ పెరుగుతుందంటున్న నెలలో తగ్గుతుందనే వాటాలు, ఎప్పుడూ లేనంతగా కొంది.

శుక్రవారం ఎనిమిదిన్నరకు కార్యాలయంలో అప్పటికే వరస కట్టారు. వెర్నా బల్ల కింద ఫోన్ పట్టుకుని చూసింది. రేటు తగ్గింది.

"కొట్టాం!" అని అరిచింది.

పక్క కిటికీలో పనిచేసే లూడీ తొంగిచూసింది. "ఏమే, లాటరీ తగిలిందా? మాకూ ఒక ముక్క పడెయ్యవే!"

వరసలో ముందున్నది ఎమెట్. ఆయన కూడా నవ్వాడు. "ఏంటండీ మంచి కబురు?"

"నిరుద్యోగం తగ్గింది," అంది వెర్నా. ఇంకేం అనాలో తోచలేదు.

"అవునా! అయితే మావాళ్లలో ఎవరికో దొరికే ఉంటుంది. మీరు ఫోన్లు చేస్తున్నారని బెర్నడీన్ చెప్పిందిలెండి." అంతలో ఆయన కళ్లు బల్లమీది ప్రకటన మీద పడ్డాయి. వేలు పెట్టి వరుసలు చదివాడు. "బుధవారమే అయిపోయిందా ఇది? మీరు ఫోన్ చేసినప్పటికి ఉందా?"

"ఉంది."

"మరి చెప్పలేదేం?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. మర్చిపోయానంటే నమ్మేవాడు, పాపం పనెక్కువ అని జాలిపడేవాడు కూడా. ఆ జాలి వెర్నాకు వద్దనిపించింది. గొంతు తగ్గించి, వాటాల సంగతితో సహా మొత్తం చెప్పేసింది. వరసలో ఉన్నవాళ్లు వింటున్నారని తెలిసినా ఆగలేదు.

ఎమెట్ ప్రకటన మీంచి వేలు తీశాడు. "నా దగ్గర కాగితం తీసుకుని..." అని మొదలుపెట్టి ఆపేశాడు. "నేను వాళ్లందరికీ మీ పేరు చెప్పానండీ. నమ్మకమైన మనిషని చెప్పాను. ఇప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోను?" తన దరఖాస్తు వెనక్కి తీసుకుని, వెళ్లి లూడీ వరసలో చివర నిలబడ్డాడు.

మధ్యాహ్నం వెర్నా పై అధికారికి చెప్పింది. విచారణ అయ్యేదాకా ఇంటి దగ్గర ఉండమన్నారు. అటునుంచి అటే కాలేజీకి వెళ్లి బతిమాలింది. మూడు సీట్లు ఇంకా ఖాళీ ఉన్నాయి, సోమవారం దాకా ఆగుతామన్నారు. జాబితాలో ఉన్న నలభై ఒక్కరికీ ఫోన్ చేసింది. కొందరు ఎత్తలేదు. ఇద్దరు తిట్టారు. ఒకాయన ఊరే వదిలి వెళ్లిపోయాడు.

శనివారం పొద్దున బెర్నడీన్ ఇంటికి తనే వెళ్లింది. తలుపు తీసిన మనిషి పొడుగ్గా, ఇంకా నిద్ర బట్టల్లోనే ఉంది. వెర్నా గుమ్మం బయటే నిలబడి జరిగింది చెప్పి, వెల్డింగ్ తరగతి దరఖాస్తు అందించబోయింది.

బెర్నడీన్ కోపం తెచ్చుకోలేదు. "నామీద ఏమని కాశావు పందెం?" అని అడిగింది.

"మీరిక వెతకరని."

"గెలిచావా?"

"గెలిచాను."

"మరి నువ్వనుకున్నది నిజమేగా," అంది బెర్నడీన్ మెల్లగా.

తిట్టుంటే వెర్నా తట్టుకునేది. తల ఎత్తలేకపోయింది. "నింపడంలో సాయం చేస్తానండీ, మీరు సరేనంటే..."

"వద్దులే. రాయడం నాకొచ్చు." ఆమె కాగితం అందుకుని తలుపు వేసుకుంది. లోపల సొరుగులు లాగుతున్న చప్పుడు వినిపించింది. పెన్ను కోసమే అయ్యుంటుందా, కాదా అని అలవాటుకొద్దీ అంచనా కట్టబోయి, తనమీద తనకే అసహ్యమేసి, వెర్నా గబగబా మెట్లు దిగింది.