పొద్దున మాత్ర, రాత్రి తెలివి

నేను టైలర్‌ని. ఒక కుట్టు చాలిన చోట రెండు వేసే రకం. మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తోందని వెళితే, గుండెకి రక్తం సరిగ్గా అందట్లేదని డాక్టరమ్మ నైట్రేట్ మాత్ర రాసింది. రోజూ పొద్దున ఒకటి వేసుకుంటే నొప్పి రాకుండా కాపాడుతుందట. మొదట్లో తల పగిలిపోయేది, తర్వాత సర్దుకుంది. మెట్లు కూడా ఎక్కేస్తున్నా. అక్కడితో ఊరుకుంటే నేనెందుకవుతాను! రాత్రికి ఇంకోటి వేస్తే ఇంకెంత గట్టిగా ఉంటుందో అనుకుని, మా ఆవిడకి చెప్పకుండా మింగడం మొదలెట్టాను.

అసలు సంగతి భయం. మా ఆవిడ వాళ్ల అక్క దగ్గరికి పది రోజులు వెళ్తానంది. పెళ్లయ్యాక నన్ను వదిలి ఒక్కతే ఎక్కడికీ వెళ్లని మనిషి, టికెట్ కూడా తీసేసుకుంది. "వెళ్లిరావే, నాకేం, గుండ్రాయిలా ఉన్నా" అన్నాను. లోపల గుండె పీచుపీచుమంటోంది. ఒంటరిగా ఉన్నప్పుడు పోతే?

కొన్నాళ్లకే నొప్పి మళ్లీ తగులుకుంది. షాపు మెట్లు సగం ఎక్కి, గోడకి కొలతలు తీస్తున్నవాడిలా ఆనుకుని నిలబడిపోయా. మా ఆవిడ చూసేసింది. నేరుగా ఇంటికెళ్లి, సర్దిన బ్యాగు విప్పి బట్టలు బీరువాలో పెట్టేసింది. సిగ్గులేని జన్మ, నాకు హాయిగా అనిపించింది.

మర్నాడు ఇద్దరం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. మాత్ర ఎలా వేసుకుంటున్నారని అడిగితే నసిగి నసిగి చెప్పాను.

"రాత్రి కూడానా? ఎవరు వేసుకోమన్నారండీ? ఆ మందు రాత్రింబవళ్లు ఒంట్లోనే ఉంటే ఒళ్లు దానికి అలవాటుపడిపోతుంది. ఇక వేసుకున్నా ఒకటే, మానేసినా ఒకటే. రాత్రిపూట కాస్త ఖాళీ ఇస్తేనే పొద్దున మళ్లీ పనిచేస్తుంది."

"అంటే నా అతితెలివితో నేనే చెడగొట్టుకున్నానా?"

"శుభ్రంగా!"

మా ఆవిడ పకపకా నవ్వింది. నేను పళ్లికిలించాను.

ఒక్క మాత్రకి దిగాక నొప్పి తగ్గింది. ఇక వెళ్లొచ్చని డాక్టరమ్మే మా ఆవిడతో చెప్పింది. బయల్దేరేటప్పుడు, నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే మాత్ర నా చొక్కా జేబులో పెట్టి, "ఇది రోజూ చప్పరించేది కాదు, తెలిసిందా?" అని వెళ్లింది.

మర్నాడు ఎండెక్కాక ఫోన్ చేసింది. "మాత్ర వేసుకున్నారా?"

"ఒక్కటే వేసుకున్నానే తల్లీ. నువ్వేం చేస్తున్నావ్?"

"ఇప్పుడే లేచానండీ."

చీకటితో లేచే మనిషి! "ఒంట్లో బాలేదా?" అని కంగారుపడ్డా.

"బానే ఉంది. మీకు నొప్పి వచ్చిన దగ్గర్నుంచీ రాత్రంతా మీ ఊపిరి వింటూ పడుంటున్నా కదా, ఎక్కడ ఆగిపోతుందోనని. ఇక్కడ వినడానికేం లేదు. కంటినిండా నిద్రపట్టేసింది."

ఆవిడ పక్కనే గుర్రుపెట్టి పడుకుని, భయమంతా నా ఒక్కడిదే అనుకున్నాను.

"ఇంకో వారం ఉండి రావే" అన్నాను.